స్కోర్‌కార్డు రాద్దాం – 4వ పాఠం: పరుగు ఎవరి పద్దులో?

పోయిన పాఠంలో బేస్‌బాల్ ఫీల్డర్ల అంకెలు బట్టీ పట్టాం. 1 పిచర్, 2 క్యాచర్, 3 ఫస్ట్ బేస్, 4 సెకండ్ బేస్, 5 థర్డ్ బేస్, 6 షార్ట్‌స్టాప్. 7, 8, 9 వరుసగా లెఫ్ట్, సెంటర్, రైట్ ఫీల్డర్లు. ఇవి ఇంకా నోటికి రానివాళ్లు ఒకసారి వెనక్కి వెళ్లి రండి, లేకపోతే ఈ పాఠంలో అడుగడుగునా తడబడతారు.

ఇప్పటిదాకా రాసినవన్నీ ఎవరూ మారని ఆటలు. ఆటగాళ్లు మారడం మొదలయ్యాకే కార్డు గజిబిజి అవుతుంది. అక్టోబరు ఆటల్లో (పోస్ట్‌సీజన్, అంటే టైటిల్ కోసం ఆడే చివరి పోటీల్లో) మేనేజర్లు ఒక్క పరుగు కోసం ముగ్గుర్ని మార్చడానికైనా వెనకాడరు కాబట్టి సాధనకు వాటిని మించినవి లేవు. ఈ పాఠానికి బోస్టన్ రెడ్ సాక్స్ 2004లో న్యూయార్క్ యాంకీస్‌తో ఆడిన అమెరికన్ లీగ్ చాంపియన్‌షిప్ సిరీస్ తీసుకుందాం. ఏడింటిలో నాలుగు గెలిచినవాళ్లది సిరీస్. యాంకీస్ అప్పటికే మూడు గెలిచేశారు, మూడోదైతే 19-8. అక్టోబరు 17 రాత్రి, ఫెన్‌వే పార్కులో నాలుగో ఆట. 9వ ఇన్నింగ్స్ కింది సగానికి, అంటే సొంత మైదానం జట్టు బోస్టన్ బ్యాటింగ్‌కు, యాంకీస్ 4-3తో ముందున్నారు. 8వ ఇన్నింగ్స్ నుంచీ బంతి యాంకీస్ పిచర్ మారియానో రివెరా చేతిలో ఉంది. వీడియో దొరుకుతుంది, ఆపుతూ, రాస్తూ చూడండి.

కావలసినవి: హెచ్‌బీ పెన్సిల్, రబ్బరు, ఒక ఎర్ర పెన్ను. కార్డులో ప్రతి బ్యాటర్ వరుస కింద కనీసం రెండు ఖాళీ గీతలు ఉండాలి, బదులు వచ్చేవాళ్ల పేర్లకు. అవి లేని కార్డు పోస్ట్‌సీజన్‌కు పనికిరాదు.

బోస్టన్ బ్యాటింగ్ వరుస: 1 డేమన్, 2 కాబ్రేరా, 3 రామిరెజ్, 4 ఓర్టిజ్, 5 వారిటెక్, 6 నిక్సన్, 7 మిల్లార్, 8 ముల్లర్, 9 బెల్‌హార్న్. ఇన్నింగ్స్ మొదలుపెట్టేది 7వ వాడు.

మిల్లార్‌కు వాక్ (నాలుగు చెడ్డ బంతులకు ఉచితంగా ఫస్ట్ బేస్) వచ్చింది. అతని గడిలో డైమండ్ (నాలుగు బేసుల బొమ్మ) కింది మూల, అంటే హోమ్, నుంచి కుడి మూల దాకా గీత గీసి, పక్కన బీబీ అని రాయండి. ఇక్కడిదాకా పాత పాఠమే.

ఇప్పుడు డేవ్ రాబర్ట్స్ పించ్ రన్నర్‌గా, అంటే మిల్లార్ బదులు బేసుల మీద పరిగెత్తడానికి, వచ్చాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లు చాలామంది ఇక్కడ రాబర్ట్స్ కోసం పక్క గడి తెరుస్తారు. అలా చేయకూడదు. గడి ఆ వరుసది, మనిషిది కాదు. అదే గడిలో ఫస్ట్ బేస్ మూల దగ్గర ఎర్ర పెన్నుతో చిన్న అడ్డగీత గీసి పీఆర్ అని రాయండి. మిల్లార్ పేరు కింది ఖాళీ గీతలో రాబర్ట్స్ పేరు, దాని పక్కన "పీఆర్, 9" అని రాయండి. ఆ 9 ఇన్నింగ్స్ నంబరు. ఇక ఆ గడిలో మిగిలిన గీతలన్నీ ఎర్రవే. వాక్ మిల్లార్ పద్దులో పడింది; బేస్ దొంగిలించినా, పరుగు తీసినా అది రాబర్ట్స్ పద్దు. క్రికెట్‌లో బైరన్నర్ ఎంత పరిగెత్తినా పరుగులు గాయపడిన బ్యాటర్‌కే చేరేవి (2011 నుంచి అంతర్జాతీయ ఆటల్లో ఆ సౌకర్యమే తీసేశారు). బేస్‌బాల్‌లో అలా కాదు. బయటికెళ్లిన మిల్లార్‌కు ఆ రాత్రి ఆట ముగిసినట్టే, తిరిగి రాలేడు.

రివెరా ఫస్ట్ బేస్‌కు మూడుసార్లు బంతి విసిరాడు. ఇది కార్డులోకి ఎక్కదు. కావాలంటే గడి అంచున మూడు చుక్కలు పెట్టుకోండి. 2023లో మారిన నియమం ప్రకారం, మూడోసారి విసిరి రన్నర్‌ని అవుట్ చేయలేకపోతే అది బాక్, రన్నర్‌కు తరువాతి బేస్ ఉచితం. ఈనాడైతే రాబర్ట్స్ దొంగిలించే శ్రమే ఉండేది కాదు.

ముల్లర్‌కు వేసిన మొదటి బంతికే రాబర్ట్స్ పరుగు లంకించుకున్నాడు. క్యాచర్ పోసాడా విసిరాడు, షార్ట్‌స్టాప్ జీటర్ అందుకుని ట్యాగ్ చేశాడు, అంటే బంతితో రన్నర్‌ని తాకాడు. రాబర్ట్స్ చేయి బేస్‌కు ముందు చేరింది, సేఫ్. మీ పెన్సిల్ 2-6 రాయబోతుంటే ఆపండి. ఫీల్డర్ల అంకెల జంట అవుటైతేనే. ఇది సేఫ్ కాబట్టి కుడి మూల నుంచి పై మూలకు ఎర్ర గీత, పక్కన "ఎస్‌బీ8". చివరి 8 ఎందుకంటే అప్పుడు బ్యాట్ పట్టుకున్నది వరుసలో 8వ వాడు. ఏ బ్యాటర్ ఉండగా ఏ రన్నర్ కదిలాడో తెలియకపోతే మర్నాడు మీ కార్డు మీకే అర్థం కాదు.

ముల్లర్ పిచర్ పక్కగా మధ్యలోంచి సింగిల్ (ఫస్ట్ బేస్ దాకా చేర్చే హిట్) కొట్టాడు. అతని గడిలో 1బీ. రాబర్ట్స్ సెకండ్ నుంచి హోమ్ చేరాడు. పాత గడికి వెళ్లి ఎర్ర గీతను మూడో మూల మీదుగా హోమ్ దాకా పూర్తిచేసి, చివర 8 వేసి, డైమండ్ లోపల నింపండి. ముల్లర్ గడి మూలలో ఆర్‌బీఐ (తన బ్యాటింగ్‌తో తెప్పించిన పరుగు) చుక్క ఒకటి. స్కోరు 4-4.

9వ స్థానంలో బెల్‌హార్న్‌కు బదులు మింట్‌కేవిచ్ పించ్ హిట్టర్‌గా వచ్చాడు. బెల్‌హార్న్ పేరు కింద "పీహెచ్, 9". అతను శాక్రిఫైస్ బంట్ వేసి, అంటే బంతిని మెల్లగా తాకించి తాను అవుటై, ముల్లర్‌ని సెకండ్‌కు పంపాడు. అతని గడిలో ఎస్ఏసీ, పక్కన సున్నా చుట్టిన 1, అంటే మొదటి అవుట్. ముల్లర్ గడిలో సెకండ్ మూల దగ్గర 9. శాక్రిఫైస్ బంట్ అట్-బ్యాట్ (బ్యాటింగ్ సగటు లెక్కలో చేరే వంతు) కిందికి రాదని మరిచిపోకండి. వాక్ కూడా రాదు.

డేమన్ గ్రౌండర్‌ని (నేల మీదుగా వెళ్లిన బంతిని) ఫస్ట్ బేస్ దగ్గర టోనీ క్లార్క్ జారవిడిచాడు. ఈ3, అంటే 3వ ఫీల్డర్ తప్పు. డేమన్ ఫస్ట్‌కు, ముల్లర్ థర్డ్‌కు. అట్-బ్యాట్ పడుతుంది, హిట్ పడదు. ఆ తర్వాత కాబ్రేరా స్ట్రైకవుట్, కే, రెండో అవుట్. (బ్యాట్ తిప్పి అవుటైతే మామూలు కే, చూస్తూ నిలబడి అవుటైతే తిరగేసిన కే; ఇది ఏదో వీడియో చూసి మీరే వేయండి.) రామిరెజ్‌కు వాక్, బేసులు నిండాయి. ఓర్టిజ్ సెకండ్ బేస్ వైపు గాల్లోకి లేపాడు, కైరో పట్టుకున్నాడు. పీ4, మూడో అవుట్.

ఇక లెక్క సరిచూడండి. ఇది ఏ ఇన్నింగ్స్‌కైనా చేయాల్సిందే: బ్యాట్ పట్టిన వాళ్ల సంఖ్య = పరుగులు + అవుట్లు + బేసుల మీద మిగిలినవాళ్లు. మిల్లార్ నుంచి ఓర్టిజ్ దాకా ఏడుగురు. పరుగు 1, అవుట్లు 3, మిగిలినవాళ్లు ముల్లర్, డేమన్, రామిరెజ్, 3. మొత్తం 7. సరిపోయింది. మీకు 8 వచ్చిందంటే రాబర్ట్స్‌కు వేరే గడి తెరిచారన్నమాట. సాధారణంగా తప్పు అక్కడే దొరుకుతుంది.

10వ ఇన్నింగ్స్‌కు ముందు ఇంకో చిక్కు. మింట్‌కేవిచ్ ఫస్ట్ బేస్‌లో నిలబడ్డాడు, పోకీ రీస్ సెకండ్ బేస్‌కు వచ్చాడు. మిల్లార్ ఫస్ట్ బేస్ ఆటగాడు కదా అని మింట్‌కేవిచ్‌ని 7వ వరుసలోకి లాగేస్తారు. అతను బ్యాట్ పట్టింది 9వ స్థానంలో కాబట్టి ఎక్కడ ఫీల్డింగ్ చేసినా అతనిది 9వ వరుసే. ఖాళీ అయింది రాబర్ట్స్ వదిలిన 7వ వరుస, అందులోకి వచ్చింది రీస్. చోటు వేరు, వరుస వేరు.

ఆట 12వ ఇన్నింగ్స్ దాకా సాగింది. యాంకీస్ పిచర్ క్వాంట్రిల్ బంతులకు రామిరెజ్ సింగిల్, ఓర్టిజ్ హోమ్ రన్. రాత్రి 1:22కు ముగిసింది. మనవైపు గడియారంలో సోమవారం ఉదయం 10:52. గెలవడానికి ఒక్క పరుగు చాలు, మరి 5-4 రాయాలా, 6-4 రాయాలా? 6-4. బంతి గోడ దాటితే ముందున్న రన్నర్లతో సహా పరుగులన్నీ లెక్కే. గోడ దాటని హిట్‌తో గెలిస్తే గెలుపు పరుగు దగ్గర లెక్క ఆగిపోతుంది. మర్నాటి ఆటలో 14వ ఇన్నింగ్స్‌లో ఇదే ఓర్టిజ్ సింగిల్‌కు డేమన్ పరిగెత్తి వచ్చాడు, అక్కడ 5-4.

ఆ మర్నాటి ఆట, ఐదోది, మన పాఠానికి ఇంకా విలువైనది. ఎందుకంటే పరుగుకు రెండు పద్దులు ఉంటాయి: ఎవరు తీశారు, ఏ పిచర్ ఇచ్చాడు. నాలుగో ఆటలో రెండో ప్రశ్న తేలిక. వాక్ ఇచ్చింది రివెరా, సింగిల్ ఇచ్చింది రివెరా, పరుగు అతనిదే. ఐదో ఆట 8వ ఇన్నింగ్స్ కింది సగం చూడండి. యాంకీస్ 4-2 ముందున్నారు, పిచర్ టామ్ గోర్డన్. ఓర్టిజ్ హోమ్ రన్, 4-3. మిల్లార్‌కు వాక్. మళ్లీ రాబర్ట్స్ పించ్ రన్నర్. నిక్సన్ సింగిల్, రాబర్ట్స్ థర్డ్‌కు. అప్పుడు రివెరా వచ్చాడు. వారిటెక్ సెంటర్ ఫీల్డ్‌కు లోతుగా కొట్టిన శాక్రిఫైస్ ఫ్లైకు (క్యాచ్ అయి బ్యాటర్ అవుటైనా రన్నర్ పరుగు తీయగలిగే దెబ్బకు) రాబర్ట్స్ పరుగు, 4-4.

పిచర్ మారగానే నిక్సన్ గడికీ వారిటెక్ గడికీ మధ్య లావు గీత అడ్డంగా గీయండి. ఆ గీతకు పైన బేస్ మీదికి చేరిన ప్రతివాడూ పాత పిచర్ బాధ్యత. రాబర్ట్స్ హోమ్ చేరింది రివెరా బంతికే అయినా పరుగు గోర్డన్ పద్దులో పడుతుంది. రివెరాకు సున్నా. అయితే ఆధిక్యం పోయింది అతని చేతిలో కాబట్టి బ్లోన్ సేవ్ (కాపాడాల్సిన ఆధిక్యాన్ని పోగొట్టాడన్న గుర్తు) మాత్రం రివెరాకే. అప్పు ఒకరిది, మాట పడింది ఇంకొకరు. గీత గీయడం మరిచిపోతే ఆట ముగిశాక ఎర్న్‌డ్ రన్ (ఫీల్డర్ల తప్పు లేకుండా పిచర్ ఇచ్చిన పరుగు) లెక్క చచ్చినా తేలదు.

ఎర్న్‌డ్ రన్ అనగానే నాలుగో ఆటలోని ఈ3 గుర్తుచేసుకోండి. ఆ తప్పు లేకుంటే డేమన్ రెండో అవుట్, కాబ్రేరా మూడో అవుట్. ఇన్నింగ్స్ అక్కడే ముగిసేది. కాబట్టి ఓర్టిజ్ అప్పుడు హిట్ కొట్టి ఉంటే, వచ్చిన పరుగులేవీ రివెరా ఎర్న్‌డ్ రన్స్ కిందికి వచ్చేవి కావు. తప్పుని అవుట్‌గా మార్చి ఇన్నింగ్స్‌ని మనసులో మళ్లీ ఆడించి చూడటమే ఈ లెక్క మొత్తం.

అదే ఐదో ఆట 13వ ఇన్నింగ్స్ పై సగంలో ఇంకో వింత. బోస్టన్ పిచర్ వేక్‌ఫీల్డ్, నకుల్‌బాల్ వేస్తాడు. బంతి గాలిలో ఎటు ఊగుతుందో అతనికే తెలియదు. మామూలుగా అతని బంతులు పట్టే క్యాచర్ మిరాబెల్లి, ఆ రాత్రి వారిటెక్. యాంకీస్ బ్యాటర్ షెఫీల్డ్ స్ట్రైకవుట్ అయ్యాడు, కానీ బంతి క్యాచర్‌ని దాటిపోవడంతో ఫస్ట్‌కు పరిగెత్తి సేఫ్. గడిలో కే రాసి, పక్కన పీబీ రాసి, ఫస్ట్ దాకా గీత గీయండి. అవుట్ అంకె వేయకండి. పిచర్‌కు స్ట్రైకవుట్ పడుతుంది, జట్టుకు అవుట్ పడదు.

క్యాచర్ మామూలు ప్రయత్నంతో ఆపగలిగింది వదిలేస్తే పాస్డ్ బాల్, పీబీ. క్యాచర్ ఆపలేనంత పక్కకో పైకో పిచర్ వేస్తే, లేదా నేలకు తాకించి వేస్తే, వైల్డ్ పిచ్, డబ్ల్యూపీ. క్రికెట్ స్కోరుబుక్ రాసినవాళ్లు బై, వైడ్‌ల తేడా గుర్తుంచుకుంటే దారి దొరుకుతుంది: ఒకటి కీపర్ మీదికి, ఒకటి బౌలర్ మీదికి. ఆ ఇన్నింగ్స్‌లో వారిటెక్‌వి మూడు పాస్డ్ బాల్స్. షెఫీల్డ్ తర్వాత మత్సుయ్ గ్రౌండర్‌కు షెఫీల్డ్ సెకండ్ దగ్గర ఫోర్స్ అవుట్, విలియమ్స్ ఫ్లై అవుట్, రెండో పీబీకి మత్సుయ్ సెకండ్‌కు, పోసాడాకు కావాలని ఇచ్చిన వాక్ (ఐబీబీ), మూడో పీబీకి ఇద్దరూ ఒక్కో బేస్ ముందుకు, సియెరా స్ట్రైకవుట్. ఐదుగురు బ్యాటర్లు, పరుగులు 0, అవుట్లు 3, మిగిలినవాళ్లు 2. స్ట్రైకవుట్లు రెండు ఉన్నా అందులో అవుట్ ఒక్కటే. మీ కార్డులో నాలుగు అవుట్లు కనిపిస్తే షెఫీల్డ్ గడిలో చుట్టిన అంకెను రబ్బరుతో చెరిపేయండి.

ఇంటిపని: ఆరో ఆట, అక్టోబరు 19, 8వ ఇన్నింగ్స్ కింది సగం (ఆట యాంకీస్ మైదానంలో). జీటర్ ఫస్ట్‌లో ఉండగా అలెక్స్ రోడ్రిగెజ్ గ్రౌండర్‌ని బోస్టన్ పిచర్ అరోయో అందుకుని ట్యాగ్ చేయబోతే, రోడ్రిగెజ్ చేత్తో కొట్టి బంతిని గ్లవ్‌లోంచి పడేశాడు. జీటర్ హోమ్ చేరాడు. అంపైర్లు కూడి మాట్లాడుకుని రోడ్రిగెజ్‌ని అడ్డగింత కింద అవుట్ చేసి, జీటర్‌ని ఫస్ట్‌కు తిరిగి పంపారు. రెండు గడులూ ముందు పెన్సిల్‌తో, చూసింది చూసినట్టు రాయండి. తీర్పు వచ్చాక చెరిపి మళ్లీ రాయండి. ఒక్క ఆధారం ఇస్తాను: అడ్డగింత అవుట్‌కు పుటవుట్ సాధారణంగా అడ్డుపడబడిన ఫీల్డర్‌కే ఇస్తారు. వచ్చే పాఠం మీ రెండు గడులతోనే మొదలుపెడదాం.