దుబాయ్ టికెట్ మీద టైమ్ లెక్క ఇట్లా చూసుకోండి

జగిత్యాలలో టికెట్లు బుక్ చేసే దుకాణం మాది. "అన్నా, దుబాయ్‌కి ఎన్ని గంటలు పడ్తది?" అని అడగనివాళ్లు అరుదు. టికెట్ మీదే జవాబు ఉంటుంది, చదవడం తెలియాలి.

ముందు దూరం. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి నేరుగా గీత గీస్తే దాదాపు 2,550 కిలోమీటర్లు, మధ్యలో అరేబియా సముద్రం. పెద్ద జెట్ విమానం పైకెక్కాక గంటకు 850 కిలోమీటర్ల దాకా పోతుంది. అంటే మూడు గంటలు. రన్‌వే మీద నడవడానికి, ఎక్కడానికి, దిగడానికి ఇంకో అరగంట కలపండి. ఏ రెండు ఊళ్లకైనా ఈ లెక్క ఉజ్జాయింపుగా సరిపోతుంది.

అయితే పోయేటప్పుడు నాలుగు గంటల దాకా పడుతుంది, వచ్చేటప్పుడు మూడున్నరలోపే అయిపోతుంది. అంత ఎత్తులో గాలి ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక నుంచి తోపు. చలికాలంలో దాని జోరు ఇంకా ఎక్కువ.

ఇక టికెట్. దాని మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక, ఏడాది పొడుగునా అంతే. పొద్దున 10:00కు బయల్దేరి 12:20కి దిగుతుందని ఉంటే, ప్రయాణం రెండు గంటల ఇరవై నిమిషాలు కాదు. దానికి గంటన్నర కలపాలి: 3 గంటల 50 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో గంటన్నర తీసెయ్యాలి. రాత్రి 21:50కి దుబాయ్‌లో లేచి 02:50కి శంషాబాద్‌లో దిగితే, చూడ్డానికి ఐదు గంటలు, అసలుకు మూడున్నరే.

ఆ 02:50 పక్కన +1 అని చిన్నగా ఉంటుంది, దాన్ని వదిలెయ్యకండి. 14వ తేదీన ఎక్కినవాళ్లు 15న దిగుతారని దాని అర్థం. "మా కొడుకు ఎన్నడు దిగుతడు బిడ్డా?" అని ముసలితల్లులు అడిగితే, నేను టికెట్ వెనక పెన్నుతో పెద్దగా రాసిస్తాను: 14 రాత్రి పదిన్నరకు ఇంటి నుంచి కారు కదలాలి. దిగాక ఇమ్మిగ్రేషన్, సామాను అయ్యేసరికి గంట ఎట్లాగూ పడుతుంది, అప్పటికి మీరు గేటు దగ్గర ఉంటారు.

అన్నిటికన్నా భయపెట్టేది అర్ధరాత్రి విమానం. 15వ తేదీ 00:40 అంటే 14 రాత్రి భోజనాలయ్యాక వచ్చే అర్ధరాత్రి. 15 సాయంత్రం సంచి సర్దుకుంటే విమానం ఎప్పుడో పోయి ఉంటుంది, వీసా తేదీ దగ్గరపడినవాళ్లకు అది మామూలు నష్టం కాదు. మూడు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండాలి. రాజీవ్ రహదారి మీద సిద్దిపేట దాటి, శామీర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి శంషాబాద్ చేరడానికి నాలుగైదు గంటలు. కాబట్టి 14 సాయంత్రం నాలుగింటికే ఇల్లు వదలండి.

మధ్యలో విమానం మారే టికెట్ చవగ్గా కనిపిస్తే, మొత్తం ప్రయాణ సమయం ఎంతో చూశాకే డబ్బులు కట్టండి.

బయల్దేరే ముందు విమానం నంబరు ఫోన్‌లో కొట్టి చూడండి. ఆలస్యమైతే కొత్త టైమ్ కనిపిస్తుంది, శంషాబాద్‌లో దిగేది మన టైమ్‌లోనే ఉంటుంది, దానికి మళ్లీ గంటన్నర కలపొద్దు.