"అన్నకు నేనంటే ఇష్టం లేదా?" అని చిన్నది అడిగితే

మా పాప నాలుగేళ్లప్పుడు ఉగ్గాని తింటూ తింటూ ఉన్నట్టుండి అడిగింది, "అమ్మా, అన్నకు నేనంటే ఇష్టం లేదా?" అని. వాడికప్పుడు ఏడేళ్లు, ఆటిజం ఉంది, అంటే మెదడు ఎదుగుదలలోని తేడా వల్ల మాట్లాడటం, నలుగురితో కలవడం కష్టంగా ఉంటుంది. పిలిస్తే చూడడు, బొమ్మకారు తిరగేసి చక్రాలు తిప్పుకుంటూ కూర్చుంటాడు. "అట్లేం లేదులే, తిను" అని మాట మార్చేశాను. అట్ల మార్చకూడదు. మనం చెప్పకపోతే పిల్లలు వాళ్లకు తోచిన కారణం వాళ్లే అనుకుంటారు, చాలాసార్లు "నా వల్లే" అనుకుంటారు.

చిన్న పిల్లలకు కళ్ల ముందు జరిగేదాన్నే పట్టుకొని చెప్పండి. "అన్నకు మాటలు రావడం కష్టం, అందుకే నీళ్లు కావాలంటే నీ చెయ్యి పట్టుకొని బిందె దగ్గరికి లాక్కుపోతాడు, అది నీతో మాట్లాడటమే." అంతే చాలు. ఆరేడేళ్లు వచ్చాక ఆటిజం అనే పేరు కూడా చెప్పేయండి, బడిలో ఇంకెవరి నోటో వినేకంటే మీ నోట వినడం మేలు. పుట్టుకతోనే ఉండేది, అంటుకునేది కాదు, టీకాల వల్లో అమ్మ పెంపకం వల్లో వచ్చింది కాదు. ఈ ముక్క ఇంట్లో జేజి (నానమ్మ) కూడా వినేటట్టు చెప్పండి.

కొన్ని చెబితే అర్థం కావు, చేసి చూపించాలి. కుక్కర్ విజిల్ వేస్తే అన్న చెవులు మూసుకొని ఎందుకు అరుస్తాడో పాపకు తెలిసేది కాదు. ఒకరోజు మిక్సీ వేసి, టీవీ సౌండ్ పెంచి, గౌను మెడ దగ్గరి లేబుల్‌ను వేలితో గీకుతూ "ఇప్పుడు నీ రైమ్ చెప్పు" అన్నాను. రెండు లైన్లు చెప్పి "ఆపమ్మా" అని ఏడుపుమొహం పెట్టింది. "అన్నకు చాలాసార్లు ఇట్లే ఉంటుంది" అన్నాను. ఆ మరుసటి రోజు నుంచి నేను కుక్కర్ పెడితే చాలు, తనే పరుగెత్తి వాడికి హెడ్‌ఫోన్లు ఇచ్చి వస్తోంది.

అట్లని అన్నీ పాప మీద వేయకండి. వాడు కొరికితే "పాపం వాడికి తెలీదు, ఊరుకో" అనొద్దు, ఆ పంటిగాటు నొప్పి నిజమే కదా. కోపం రావడం తప్పు కాదని చెప్పి, అన్న అరుస్తూ కొట్టుకుంటున్నప్పుడు దగ్గరికి పోకుండా పెద్దవాళ్లను పిలవమని నేర్పండి. తన బొమ్మలకు వాడికి అందని అర ఒకటి ఇవ్వండి. "పెద్దయ్యాక నువ్వే చూసుకోవాల" అని చుట్టాలు అంటుంటారు చూడండి, ఐదేళ్ల పిల్ల నెత్తిన ఎందుకమ్మా ఆ బరువు, అక్కడికక్కడే ఆపండి. మా కర్నూలులో వినాయక నిమజ్జనమప్పుడు కేసీ కెనాల్ దగ్గర ఎంత సందడో తెలుసు కదా, ఆ డప్పులు, డీజే వాడు తట్టుకోలేడు. అందుకని ఆ రోజు మా ఆయన పాపను భుజాలమీద ఎక్కించుకొని పోతాడు, నేను వాడితో ఇంట్లో ఉంటాను. వాడి కోసమని తన పండగ ఆగిపోకూడదు.

మీ మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) ఉంటే ఒకసారి చిన్నదాన్నీ వెంట తీసుకుపోండి, అన్నలాంటి పిల్లలు ఇంకా ఉన్నారని చూస్తుంది.

ఆటకు మాత్రం వాడిని పిలవొద్దు, వాడి ఆటలోకి తననే పంపండి. మా పాప ఇంకో కారు తెచ్చుకొని, పక్కనే బోర్లా పడుకొని, ఏమీ మాట్లాడకుండా చక్రాలు తిప్పేది. రోజూ పది నిమిషాలు. చాలా వారాలు వాడు అటు చూడనే లేదు. ఒక సాయంత్రం తన కారును మెల్లగా పాప వైపు నెట్టాడు.