కిక్ కొట్టే ముందు సబ్బునీళ్ళు కొట్టండి

పోయిన వారం తెలిసినాయన ఒకరు తన యమహా బాన్షీ (రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఏటీవీ, అంటే నాలుగు చక్రాల ఆఫ్‌రోడ్ బండి) ఇంజిన్ ఫోటో పంపారు. బోరు చేయించి (సిలిండర్ లోపల చెక్కించి) కొత్త పిస్టన్లు, కొత్త రింగులు వేసిన ఇంజిన్, పట్టుమని ఇరవై నిమిషాలు నడవలేదు, ఎడమ పక్క పిస్టన్ పట్టేసింది. ఎగ్జాస్ట్ వైపు నిలువునా గీతలు, పిస్టన్‌లోని అల్యూమినియం సిలిండర్ స్లీవ్‌కి అతుక్కుపోయి ఉంది. బోరింగ్ చేసినవాడు పిస్టన్‌కీ సిలిండర్‌కీ మధ్య గ్యాప్ తక్కువ పెట్టాడని ఆయన కోపం. నేను ఒకటే అడిగాను, బిగించాక ఇంజిన్‌కి గాలి పట్టి లీకు చూశారా అని. చూడలేదట. తర్వాత చూస్తే మ్యాగ్నెట్ వైపు క్రాంక్ సీలు (క్రాంక్ షాఫ్ట్ చుట్టూ గాలి దూరకుండా ఆపే రబ్బరు రింగు) దగ్గర సబ్బునీళ్ళలో బుడగలే బుడగలు. పైన అన్నీ కొత్తవి, కింద సీలు మాత్రం పాతది!

చలికాలం రాకముందే టూ స్ట్రోక్ ఏటీవీ ఇంజిన్ విప్పి, పనిలో పనిగా నాలుగు అప్‌గ్రేడ్లు కూడా చేద్దామనుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను. బోల్టులు టార్క్ రెంచ్‌తో బిగించండి, మాన్యువల్ చదవండి లాంటివి మీకు తెలుసు, వాటి జోలికి పోను.

అసలు తప్పు

టూ స్ట్రోక్‌లో పిస్టన్ కింద క్రాంక్ తిరిగే గది, అంటే క్రాంక్‌కేసే పంపు. పిస్టన్ పైకి వెళ్ళినప్పుడు కింద వాక్యూమ్ పుట్టి కార్బురేటర్ నుంచి పెట్రోలు, గాలి, ఆయిల్ కలిసి లోపలికి వస్తాయి. క్రాంక్ సీలు దగ్గరో, బేస్ ప్యాకింగ్ దగ్గరో, రీడ్ బ్లాక్ (ఇన్‌టేక్‌లోని రేకు వాల్వుల దిమ్మ) దగ్గరో, ఇన్‌టేక్ రబ్బరు పగుల్లోనో సందు ఉంటే అక్కడి నుంచి వట్టి గాలి వస్తుంది. అందులో పెట్రోలు లేదు, ఆయిల్ అంతకన్నా లేదు. అంటే ఒక పక్క వేడి పెరుగుతుంది, ఇంకో పక్క జిడ్డు తగ్గుతుంది. పిస్టన్ పట్టేయడానికి ఇంకేం కావాలి? కొంతమంది కార్బురేటర్‌లో పెద్ద జెట్ (పెట్రోలు వచ్చే రంధ్రం ఉన్న చిన్న ముక్క) వేసి సర్దుకుందామని చూస్తారు. ఆ సందు ఇవాళ ఉన్నట్టు రేపు ఉండదు, ఇంజిన్ వేడెక్కితే ఇంకా తెరుచుకుంటుంది, కాబట్టి జెట్‌తో సర్దే వ్యవహారం కాదిది.

పరీక్ష చేయడానికి గంట కూడా పట్టదు. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ రబ్బరు బిరడాలతో మూసేయండి, ప్లగ్ బిగించి ఉంచండి, పిస్టన్‌ని కిందికి తెండి, బిరడాలో పెట్టిన వాల్వు గుండా గేజీ ఉన్న చేతి పంపుతో 6 పీఎస్ఐ పట్టించండి. 6 నిమిషాలు ముల్లు కదలకూడదు. అంతకు మించి గాలి కొట్టొద్దు, మంచి సీళ్ళు కూడా ఊడొస్తాయి. ముల్లు దిగుతుంటే సైకిల్ ట్యూబ్ పంక్చర్ వెతికినట్టే, అన్ని అతుకుల మీదా సబ్బునీళ్ళు. బయట ఎక్కడా బుడగ లేకుండా ముల్లు మాత్రం దిగుతుంటే గేర్ ఆయిల్ పోసే మూత తీసి చూడండి, క్లచ్ వైపు సీలు పోయుండొచ్చు. రేడియేటర్ మూత తీసినప్పుడు బుడగలొస్తే హెడ్ దగ్గర లీకు. బాన్షీలో రెండు ఇన్‌టేక్ రబ్బర్లనూ కలిపే చిన్న ట్యూబ్ ఒకటుంటుంది, అది పగిలినా ఇదే కథ.

మళ్ళీ చెప్తున్నా, మొదటి కిక్‌కి ముందే గాలి పట్టండి. స్టార్ట్ చేసి బాగానే ఉంది కదా అనుకున్నాక ఎవరూ మళ్ళీ విప్పరు, నేనూ విప్పను.

అప్‌గ్రేడ్ చేస్తే

ఎక్స్‌పాన్షన్ పైపు (మధ్యలో ఉబ్బిన ఎగ్జాస్ట్ పైపు) పెట్టి, ఎయిర్ బాక్స్ మూత తీసేసి, పాత మెయిన్ జెట్టే ఉంచితే అది కూడా గాలి లాగినట్టే లెక్క. ముందు పెద్ద జెట్‌తో మొదలెట్టి, ఫుల్ థ్రాటిల్‌లో ప్లగ్ రంగు చూసుకుంటూ ఒక్కో సైజు దిగండి, చిన్నదానితో మొదలెట్టి పైకి వెళ్ళడం కాదు. ఎండలో సరిచేసిన జెట్టింగ్‌తో చలి పొద్దున బండి తీయొద్దు. 30 డిగ్రీల గాలి కంటే 0 డిగ్రీల గాలి పదో వంతు పైగా చిక్కగా ఉంటుంది, జెట్ మాత్రం పోసే పెట్రోలు అంతే పోస్తుంది.

"కొత్త ఇంజిన్ కదా, ఆయిల్ కాస్త ఎక్కువ కలిపా" అనే మాట వింటే నాకు టెన్షన్. అదే జెట్‌లోంచి ఆయిల్ ఎక్కువ వెళ్తే పెట్రోలు తక్కువ వెళ్తుంది, మిశ్రమం ఇంకా పలచబడుతుంది. 32:1, అంటే 32 వంతుల పెట్రోలుకి ఒక వంతు ఆయిల్ అనుకుంటే 5 లీటర్లకి 156 మిల్లీలీటర్లు. ఏది కలిపితే దానికే జెట్టింగ్ చేసుకోండి, వారానికోసారి నిష్పత్తి మార్చకండి. యమహా బ్లాస్టర్‌లో (ఇంజిన్‌కి ఆయిల్‌ని పంపే విడిగా అందించే ఏటీవీ) ఆయిల్ పంపు తీసేసేవాళ్ళు, ట్యాంకులో పాత పెట్రోలంతా దించేసి ఆయిల్ కలిపిన పెట్రోలు పోశాకే పంపు మీద చెయ్యి వేయండి. బండిని అమ్ముతుంటే కొనేవాడికి ఆ సంగతి చెప్పండి, లేదా ట్యాంకు మూత మీద రాయండి.

హెడ్ చెక్కించి కంప్రెషన్ పెంచి, టైమింగ్ కూడా ముందుకు జరిపి, అందులో మామూలు పెట్రోలు పోసేవాళ్ళకి నేను చెప్పేదేం లేదు. పిస్టన్ అంచు ఎలుక కొరికినట్టయ్యాక వాళ్ళకే తెలుస్తుంది.

ఇక మిగతావి వరస లేకుండా, గుర్తొచ్చినట్టు.

- పిస్టన్ మీది బాణం ఎగ్జాస్ట్ వైపు.
- గడ్జన్ పిన్ (పిస్టన్‌ని రాడ్‌కి కలిపే పిన్ను) లాకులు కొత్తవే. పాతవి బాగున్నట్టు కనిపించినా సరే, పారేయండి.
- లాకు పెట్టేటప్పుడు క్రాంక్‌కేస్ నోట్లో గుడ్డ కుక్కండి. లాకు లోపల పడితే మొత్తం విప్పాలి.
- ఫోర్జ్డ్ (పోత పోయకుండా, నొక్కి చేసిన) పిస్టన్‌కి గ్యాప్ ఎక్కువ కావాలి. పిస్టన్ తీసుకెళ్ళి ఇచ్చాకే బోరు చేయించండి, సైజు నోటితో చెప్పి కాదు.
- బోరు చేశాక పోర్టుల (సిలిండర్ గోడలోని కిటికీల) అంచులు మొద్దు చేయించారా? పదును మిగిలితే రింగు తగులుకుంటుంది.
- రింగు కొనలు గాడిలోని పిన్నుకి అటూ ఇటూ కూర్చున్నాయో లేదో చూశాకే సిలిండర్ దించండి.
- పాత పిస్టన్ ముక్కలైందా? అయితే పైభాగం మాత్రమే మార్చి ఊరుకోవద్దు. ముక్కలు క్రాంక్ బేరింగ్‌లో ఉన్నాయి.
- కనెక్టింగ్ రాడ్ పైకీ కిందికీ ఆడిందంటే క్రాంక్ అయిపోయింది. పక్కలకి కొద్దిగా ఆడొచ్చు.
- బేరింగ్‌ని కంప్రెసర్ గాలితో గిర్రున తిప్పి ఆనందించొద్దు.
- పెట్రోలు తగిలే చోట మామూలు సిలికాన్ పూయొద్దు, ఉబ్బి, ఊడి రీడ్లలోకి పోతుంది.
- మూసిన గదిలో స్టార్ట్ చేయొద్దు.
- సిలిండర్ చేతికి వెచ్చగా తగిలేదాకా రేసు ఇవ్వొద్దు. తర్వాత ఆపి, పూర్తిగా చల్లార్చి, మళ్ళీ. ఇలా రెండు మూడు సార్లు.
- చాలాసేపు ఫుల్ థ్రాటిల్‌లో వెళ్ళాక ఒక్కసారిగా వదిలేసి గేర్‌లో జారొద్దు. ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, ఆయిల్ రాదు. క్లచ్ పట్టుకోండి.
- థ్రాటిల్ వదిలినా రేసు దిగట్లేదా? కేబుల్ చూడండి, అది బాగుంటే గాలి లాగుతోంది. స్లో స్క్రూ తిప్పుతూ కూర్చోవద్దు. కిల్ స్విచ్ కొట్టండి, ఇంటికి తోసుకెళ్ళండి, సబ్బునీళ్ళు తీయండి.