నేలకు బొగ్గు – 3వ పాఠం: విరిచి చూద్దాం

ఎనుమాముల మార్కెట్‌కు పత్తి పోయాక చేన్లో మిగిలిన కట్టెను పోయిన పాఠంలో గుంతలో కాల్చాం. పైన తెల్ల బూడిద కనబడగానే కొత్త కట్టె వేస్తూ పోయి, చివరికి నీళ్లు గుమ్మరించి ఆర్పాం. ఆ బొగ్గు ఎండిందా? ఒక భూతద్దం, గాజు గ్లాసు, చిన్న త్రాసు దగ్గర పెట్టుకోండి.

ముందు ఒక ముక్కను వేళ్ల మధ్య నలిపి, వట్టి నీళ్లతో చేయి కడగండి. నలుపు పోతే మంచిదే. జిడ్డుగా అంటుకుని సబ్బు అడిగితే లోపల తారు మిగిలిందన్నట్టు. ఆ ముక్కల్ని మళ్లీ కాల్చే రోజుకు పక్కన పెట్టండి.

మంచి ముక్కను అడ్డంగా పుటుక్కున విరవండి. కోయొద్దు, పొడి పట్టి రంధ్రాలు మూసుకుపోతాయి. విరిగిన చోటును ఎండకు పట్టి భూతద్దంతో చూస్తే నడుమ బెండు, దాని చుట్టూ సూదితో పొడిచినట్టు చుక్కలు. మొక్క బతికున్నప్పుడు వేరు నుంచి ఆకుకు నీళ్లు ఎక్కిన గొట్టాలివే. కట్టె కాలినా గోడలు కర్బనంగా నిలబడ్డాయి. కట్టె మారితే గదులూ మారతాయి, ఊక బొగ్గు ఇలా ఉండదు.

మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటారు. ఆ గొట్టాల వెడల్పు పదుల మైక్రాన్లు. బ్యాక్టీరియా పొడవు మామూలుగా 1, 2 మైక్రాన్లే, బూజు పోగు మందం 2 నుంచి 10. బొగ్గును నేలలో వేస్తే, నేలలోని ఈ జీవులు ఆ గొట్టాల్లో హాయిగా పడతాయి. ఇంకా సన్న రంధ్రాల్లో దూరిన బ్యాక్టీరియాకు, దాన్ని తినే పెద్ద జీవుల బెడద కూడా తగ్గుతుంది.

బాగా వేడిమీద కాలిన బొగ్గు ఒక్క గ్రాములో వందల చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుందని అమ్మేవాళ్లు చెప్తారు. అబద్ధం కాదు. కానీ అందులో ఎక్కువ భాగం 2 నానోమీటర్ల (నానోమీటరు అంటే మైక్రాన్‌లో వెయ్యో వంతు) కన్నా సన్నని రంధ్రాలది. అక్కడికి బ్యాక్టీరియాను పంపడమంటే సూది బెజ్జంలోకి ఎడ్లబండి తోలడమే! అవి వాయువుల్ని, చిన్న చిన్న అణువుల్ని పట్టుకోవడానికి పనికొస్తాయి. సూక్ష్మజీవుల ఇల్లని చెప్పి ఆ లెక్కకు ఎక్కువ డబ్బులడిగితే మాత్రం ఇవ్వకండి.

ఇక త్రాసు పని. 10 గ్రాముల ఎండు ముక్కలు గ్లాసులో వేసి, తేలకుండా పైన చిన్న రాయి పెట్టండి. బుడగలొస్తాయి, గదుల్లోని గాలి అది. రాత్రంతా నాననిచ్చి, గుడ్డతో అద్ది మళ్లీ తూచండి. పెరిగిన ప్రతి గ్రాము, లోపలికి పోయిన ఒక మిల్లీలీటరు నీళ్లు. నీళ్లు నిలవని మన చెల్క నేలకు ఈ లెక్కే ముఖ్యం. నల్లరేగడి ఎలాగూ నీళ్లు పట్టి ఉంచుతుంది, పైగా చాలాచోట్ల క్షారగుణం ఎక్కువ. బొగ్గూ అటువైపుదే కాబట్టి మొదటి ప్రయత్నం చెల్కలోనే చేయండి.

నానిందని వెంటనే చేన్లో చల్లొద్దు. మొదటి ఏడు నేను వట్టి బొగ్గే మిర్చికి వేశాను. ఆకులు పసుపెక్కాయి. "భూమికి బొగ్గు తినిపిస్తే గిట్లనే అయితది" అన్నాడు మా పెదబాపు. ఖాళీ బొగ్గు మొక్కకు దక్కాల్సిన నత్రజనిని ముందు తన దగ్గర ఆపుకుంటుంది. తప్పు బొగ్గుది కాదు, తొందర నాది.

వచ్చే పాఠంలో దాన్ని నింపుదాం. ఒక గంప చివికిన పెంట, ఒక బకెట్ ఆవు మూత్రం సిద్ధం చేసుకోండి. అప్పటిదాకా బొగ్గును తడి గోనెసంచిలో ఉంచండి, ఎండు దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.