కాల్షియం చోట టెర్బియం: కాల్మోడ్యులిన్‌తో టైట్రేషన్ చేసే పద్ధతి

బెంగళూరులో పరిశోధనకు చేరిన మన విద్యార్థులు హాస్టల్ గదిలోని కెటిల్ అడుగున బోరు నీళ్లు కట్టించే తెల్లటి సున్నపు పొరను చూసే ఉంటారు. కంటికి కనబడనంత తక్కువ మోతాదులో అదే కాల్షియం ప్రయోగశాల గాజు సామానులోనూ, సీసాల్లోని లవణాల్లోనూ ఉంటుంది. కాల్షియంను పట్టుకునే ప్రోటీన్ల ఆకృతిని లాంథనైడ్ లోహాల (టెర్బియం వంటివి) అయాన్లు ఎలా మారుస్తాయో చూడదలచినవారు ముందుగా దానిని వదిలించుకోవాలి.

కాల్షియం అయానుకు రంగు లేదు, అది వెలుగునూ ఇవ్వదు. కాబట్టి ప్రోటీన్‌లో ఎక్కడ కూర్చుందో తానుగా చెప్పదు. టెర్బియం వెలుగునిస్తుంది కనుక చెబుతుంది. చుట్టూ ఎనిమిది పరమాణువులు చేరినప్పుడు కాల్షియం వ్యాసార్ధం 1.12 ఆంగ్‌స్ట్రాములు, టెర్బియంది 1.04, అందువల్ల ఒకదాని చోట మరొకటి ఇముడుతుంది. అయితే టెర్బియం ఆవేశం రెండు కాదు, మూడు. 1973లో క్రెట్సింగర్ బృందం కార్ప్ చేప ప్రోటీన్ పార్వాల్బుమిన్‌లో గుర్తించిన, కాల్షియంను పట్టే ఈఎఫ్ హ్యాండ్ అమరికలో 12 అమైనో ఆమ్లాల మెలిక ఒకటి ఉంటుంది. అందులో కాల్షియంను సాధారణంగా ఏడు ఆక్సిజన్ పరమాణువులు చుట్టుకుంటాయి, వాటిలో రెండింటిని పన్నెండో స్థానంలోని గ్లుటామేట్ అనే అమైనో ఆమ్లం ఒక్కటే అందిస్తుంది. లాంథనైడ్లకు ఎనిమిదో తొమ్మిదో కావాలి, ఆ కొరతను తరచు నీటి అణువులు తీరుస్తాయి. అందుచేత లాంథనైడ్‌ను కాల్షియంకు అచ్చమైన నకలుగా భావించరాదు.

కణాల్లో కాల్షియం సంకేతాలను అందుకునే ప్రోటీన్ కాల్మోడ్యులిన్‌లో 148 అమైనో ఆమ్లాలు, నాలుగు ఈఎఫ్ హ్యాండ్లు ఉంటాయి. 10 మైక్రోమోలార్ ద్రావణం తీసుకుంటే కాల్షియం పట్టే చోట్లు 40 మైక్రోమోలార్. బఫర్‌లో 10 మైక్రోమోలార్ కాల్షియం మిగిలి ఉంటే పావు వంతు చోట్లు మొదలుపెట్టకముందే నిండిపోవచ్చు. కనుక 20 మిల్లీమోలార్ పైప్స్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే బఫర్ రసాయనం), 100 మిల్లీమోలార్ పొటాషియం క్లోరైడ్ కలిపి, పీహెచ్ 6.5 వద్ద సరిచేసి, ఆ బఫర్ మొత్తాన్ని లోహ అయాన్లను పట్టుకునే చెలెక్స్ రెసిన్ గుండా పంపి, ప్లాస్టిక్ సీసాలోనే భద్రపరచాలి. ప్రోటీన్ నుంచి కాల్షియంను, లోహ అయాన్లను గట్టిగా పట్టే ఈడీటీఏతో తొలగిస్తే, ఆ ఈడీటీఏను డయాలసిస్ ద్వారా పూర్తిగా పోగొట్టాలి. మిగిలిన కాస్తా టెర్బియంను ముందుగా తానే పట్టుకుంటుంది.

ఫాస్ఫేట్ బఫర్ ఎంతమాత్రం పనికిరాదు, టెర్బియం దానితో కలిసి కరగని పదార్థంగా మారుతుంది. నేను ఒకసారి ఆ బఫర్‌లోని ప్రోటీన్‌ను మార్చకుండానే వాడాను. నాలుగైదు చేర్పులయ్యేసరికి క్యువెట్ (కాంతిని కొలిచే చిన్న పాత్ర) పలుచని మజ్జిగలా మసకబారింది, వారాల తరబడి శుద్ధిచేసిన ప్రోటీన్ అంతా వృథా అయింది. పీహెచ్ ఏడు దాటితే హైడ్రాక్సైడ్ల బెడద కూడా ఉంటుంది. టెర్బియం క్లోరైడ్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి తూకాన్ని నమ్మకుండా, జైలినాల్ ఆరెంజ్ సూచికతో ఈడీటీఏ టైట్రేషన్ చేసి గాఢతను నిర్ధారించాలి. ఎర్రటి ఊదా రంగు నిమ్మపసుపుకు మారిన చుక్క దగ్గర ఆపాలి. ప్రోటీన్ గాఢతలోనూ పొరపాటు సులభం: కాంతిని బాగా పీల్చే అమైనో ఆమ్లం ట్రిప్టోఫాన్ కాల్మోడ్యులిన్‌లో లేనందువల్ల 10 మైక్రోమోలార్ ద్రావణం 280 నానోమీటర్ల వద్ద చూపే శోషణ సుమారు 0.03 మాత్రమే, కాబట్టి పలుచన చేయకముందే కొలవడం మంచిది.

ఇక ఒక మిల్లీలీటరు ప్రోటీన్‌కు ఒక మిల్లీమోలార్ టెర్బియంను రెండేసి మైక్రోలీటర్ల చొప్పున చేరుస్తూ, ప్రతిసారీ ఐదు నిమిషాలు ఆగి, 280 వద్ద ఉత్తేజితం చేసి 545 నానోమీటర్ల వద్ద పచ్చటి వెలుగును కొలవాలి. ఒక్కో చేర్పుతో ఒక మోల్ ప్రోటీన్‌కు 0.2 మోల్ టెర్బియం చేరుతుంది. ఉత్తేజపరిచే కాంతి పరికరంలో రెండో క్రమంలో, అంటే రెట్టింపు తరంగదైర్ఘ్యమైన 560 వద్ద, మళ్లీ కనబడుతుంది కనుక 350కి దిగువ వెలుగును ఆపే ఫిల్టర్ పెట్టడం మరవకూడదు.

టెర్బియం, ప్రోటీన్ నిష్పత్తి రెండుకు చేరే వరకు వెలుగు పెద్దగా పెరగదు. చాలామంది ఇక్కడే కంగారుపడి ప్రోటీన్ చెడిందనుకుంటారు, కానీ ప్రయోగంలో అసలు విశేషం ఇదే. కాల్షియం ముందుగా సి-కొస (ప్రోటీన్ గొలుసు చివరి) సగంలోని మూడు, నాలుగు చోట్లను నింపుతుంది. టెర్బియం ఆ వరుసను తలకిందులు చేసి, ఎన్-కొసలోని (గొలుసు మొదటి సగంలోని) ఒకటి, రెండు చోట్లకు వెళుతుంది. 280 వద్ద కాంతిని పీల్చి టెర్బియంకు శక్తిని అందించే టైరోసిన్ అమైనో ఆమ్లాలు 99, 138 స్థానాల్లో, అంటే సి-కొస సగంలోనే ఉన్నందువల్ల, ఎన్-కొసలో చేరిన టెర్బియంకు ఆ శక్తి అందదు. రెండు దాటాక గీత నిటారుగా లేచి నాలుగు దగ్గర వంగుతుంది. వెలుగు లేదంటే బంధం లేదని అర్థం కాదు. నాలుగు దాటిన తరువాత మిగులు అయాన్లు ప్రోటీన్ పైభాగంలోని రుణావేశాలకు అంటుకుని దానిని ముద్దకట్టించగలవు, కాబట్టి అంతటితో ఆపాలి.

ఆకృతి మార్పుకు వేరే సాక్ష్యం కావాలి. అవే నిష్పత్తుల వద్ద 222 నానోమీటర్ల వృత్తీయ ద్వివర్ణత (ప్రోటీన్ ఆకృతిని తెలిపే కాంతి శోషణ తేడా) కొలిచి, కాల్షియంతో వచ్చిన గీత పక్కన పెట్టి చూడాలి. వీలైతే లాంథనం, ల్యుటేషియంలతోనూ చేయండి, 1.16 నుంచి 0.98 ఆంగ్‌స్ట్రాములకు తగ్గే ఆ వరుసలో ఆవేశం మారదు కనుక పరిమాణం ప్రభావం విడిగా తెలుస్తుంది. 2018లో ఒక బ్యాక్టీరియాలో కనుగొన్న లాన్‌మోడ్యులిన్ అనే ప్రోటీన్ దొరికితే పోలికకు అంతకంటే మంచిది లేదు: అందులోనూ ఈఎఫ్ హ్యాండ్లే ఉన్నా, అది కాల్షియం కంటే లాంథనైడ్లకు సుమారు పది కోట్ల రెట్లు ఎక్కువగా స్పందించి ముడుచుకుంటుంది.

పని ముగిశాక క్వార్ట్జ్ క్యువెట్‌ను సజల నైట్రికామ్లంతో కడిగి, చెలెక్స్ గుండా పంపిన నీటితో అనేకసార్లు జాడించి, బోర్లించి ఆరబెట్టాలి. కుళాయి నీరు దానికి తగలనివ్వకూడదు.