స్లైడులో తెలుగు చెదిరిందా? వీడియో మొరాయిస్తోందా?

మన హైదరాబాద్‌లో సెమినార్లకు స్లైడులు చేసుకునేది ఇంట్లో, చూపించేది హాల్లో వేరేవాళ్ల కంప్యూటర్‌లో. పవర్‌పాయింట్ తంటాలు చాలావరకు అక్కడే మొదలవుతాయి. కావాల్సినవన్నీ ఫైల్లోనే ఉంటే సగం టెన్షన్ పోతుంది.

తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గీతలు

చిక్కడపల్లిలోనో అమీర్‌పేటలోనో డీటీపీ చేయించిన మ్యాటర్ అతికించారేమో చూడండి. అది అను ఫాంట్లలో ఉండి ఉంటుంది. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల కోడ్) కావు. లోపల ఉండేది ఇంగ్లిష్ కోడే, పైకి కనిపించేది తెలుగు అక్షరం. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో లోపలిది బయటపడుతుంది. గౌతమి, నిర్మలా యూఐ అంటూ ఫాంట్లు మార్చి లాభం లేదు. మ్యాటర్‌ను యూనికోడ్ కన్వర్టర్‌లో వేసి మార్చుకోవాలి. ఆ తర్వాత తప్పకుండా చదవండి, వత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి. ముఖ్యంగా అతిథుల పేర్లు. వేదిక మీద కూర్చున్న పెద్దాయన పేరు తెర మీద తప్పుగా పడటం చాలా నొప్పించే విషయం.

వత్తులు కింది లైను మీద పడుతున్నాయి

టెంప్లేట్లు ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల ఎత్తును బట్టి చేసినవి. ‘శాస్త్రం’ అని రాసి చూడండి. స కింద తవత్తు, రవత్తు రెండూ పట్టాలి. కింది లైన్లో ‘కీర్తి’ ఉంటే దాని గుడి దీర్ఘం వచ్చి ఆ వత్తులకు తగులుతుంది. పారాగ్రాఫ్ సెట్టింగ్స్‌లో లైన్ స్పేసింగ్ ‘ఎగ్జాక్ట్‌లీ’ అని ఉంటే ‘మల్టిపుల్’ చేసి 1.2 ఇవ్వండి. మ్యాటర్ పట్టకపోతే అక్షరాలు చిన్నవి చేయకండి, ఇంకో స్లైడు వేసుకోండి. వెనక వరసలో కూర్చున్నవాళ్లూ చదవాలి కదా.

ఇంట్లో రెండు లైన్లు, హాల్లో మూడు

మీ ఫాంటు అక్కడ లేక వేరేది వచ్చింది. ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి ‘ఎంబెడ్ ఫాంట్స్’ టిక్ చేయండి, ఫాంటు కూడా ఫైల్లోనే వస్తుంది. అక్కడ దిద్దే పని ఉంటే ‘ఆల్ క్యారెక్టర్స్’ ఎంచుకోండి. కొన్ని ఫాంట్ల లైసెన్సు దీనికి ఒప్పుకోదు.

చార్మినార్ మినార్లు లావెక్కాయి

ఫొటోను పక్కనుంచి లాగారు. రీసెట్ పిక్చర్ అండ్ సైజ్ నొక్కి, ఈసారి మూలనుంచి లాగండి. ఫొటో మసకగా ఉంటే అది వాట్సాప్‌లో కుదించుకుపోయి వచ్చి ఉంటుంది. పంపినవాళ్లను డాక్యుమెంట్‌గా మళ్లీ పంపమనండి.

వీడియో ఆడటం లేదు

‘లింక్ టు ఫైల్’తో పెడితే స్లైడులో దారి మాత్రమే ఉంటుంది, వీడియో మీ లాప్‌టాప్‌లోనే ఉండిపోతుంది. తీసేసి, మామూలు ఇన్సర్ట్‌తో మళ్లీ పెట్టండి. మాట వినిపించి బొమ్మ రాకపోతే ఫోన్‌లో హెచ్‌ఈవీసీ అనే వీడియో కుదింపు పద్ధతిలో తీసిన వీడియో అయ్యుండొచ్చు. దాన్ని ఎంపీ4కి, అందులోనూ హెచ్.264 అనే పాత కుదింపు పద్ధతికి మార్చండి. బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే అది హెచ్‌డీఎంఐ కేబుల్ గుండా ప్రొజెక్టర్‌కి వెళ్తూ ఉండొచ్చు. టాస్క్‌బార్‌లో స్పీకర్ బొమ్మ దగ్గర అవుట్‌పుట్ మార్చండి.