ఇంట్లో, ఆశ్రమంలో పెద్దల సంరక్షణ – 6వ పాఠం: పేలు కనబడిన రోజు

చెవుల వెనక, మెడ పైన వెంట్రుకల మొదళ్లలో పేలను ఎలా వెతకాలో పోయిన పాఠంలో చూశాం. ఇప్పుడు మీరు పనిచేసే వృద్ధాశ్రమంలో ఒక మామ్మగారి తలలో బతికున్న పేను కనబడిందనుకుందాం.

ఆ రోజే మిగతావాళ్ల తలలు కూడా చూడాలి. పక్క మంచాలవాళ్లవి, ఒకే దువ్వెన వాడేవాళ్లవి, తల దువ్వే ఆయాలవి కూడా. మొదటిసారి పేలు పట్టినవాళ్లకు దురద మొదలవడానికి 4 నుంచి 6 వారాలు పట్టొచ్చు. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లు దురదగా ఉందని చెప్పలేకపోవచ్చు. అందుకే ఎవరూ గోక్కోవడం లేదని ఊరుకోవద్దు. పేలు ఉన్న అందరికీ ఒకే రోజు మందు వేయాలి. విడతలుగా వేస్తే అవి ఒక తల నుంచి ఇంకో తలకు పాకుతూనే ఉంటాయి.

డాక్టరు సాధారణంగా 1 శాతం పెర్మెత్రిన్ లోషన్ రాస్తారు. గజ్జికి వాడే 5 శాతం క్రీము వేరు, రెండూ ఒకే అల్మారాలో ఉంటే పేరు, శాతం చదివే తీయండి. ముందు నూనె పోయేలా మామూలు షాంపూతో తలంటి, తువ్వాలుతో తుడవండి. కండిషనర్ వద్దు. లోషన్ కుదుళ్ల దాకా పట్టించి 10 నిమిషాలకు కడిగేయండి. కళ్లకు తడిగుడ్డ అడ్డం పెట్టండి. కిరోసిన్ జోలికి అసలు పోవద్దు.

పని తేలికవుతుందని గుండు చేయించే ఆశ్రమాలున్నాయి. ఇది తప్పు. భర్త పోయిన ఆడవాళ్లకు బలవంతంగా తల గొరిగించిన కాలం మన ఇళ్లలో ఎంతో దూరంలో లేదు. ఆ పెద్దావిడకు అది ఎంత అవమానమో ఆలోచించండి. ఆమె తనంతట తాను అడిగితే తప్ప కత్తెర కూడా పట్టుకోకండి. పేలకు మందు ఉంది, దువ్వెన ఉంది.

ఈ పాఠంలో చేతికి రావాల్సిన అసలు విద్య పేల దువ్వెన పట్టడమే. వెలుతురు బాగా ఉన్నచోట కూర్చోబెట్టి, "మామ్మగారూ, తల దువ్వుతాను" అని చెప్పి మొదలుపెట్టండి. తడి జుట్టు చిక్కు తీసి, చిన్న చిన్న పాయలు చేయండి. పళ్లు మాడుకు తగిలేలా ఆనించి కొసదాకా లాగండి. ప్రతి లాగుకూ తెల్లగుడ్డకు తుడిచి చూడండి. ముసలివాళ్ల చర్మం పలచన, గట్టిగా నొక్కితే గీరుకుపోతుంది. మెడ నొప్పి ఉన్నవాళ్లకు సగం తల దువ్వి, కాసేపు ఆగండి.

దిండు గలీబులు, దుప్పట్లు, తువ్వాళ్లు బాగా వేడి నీళ్లలో ఉతికి ఎండేస్తే చాలు. తల నుంచి రాలిన పేను ఒకటి రెండు రోజులకు మించి బతకదు. గదుల్లో పురుగుమందు కొట్టొద్దు, ఆయాసం ఉన్నవాళ్లకు ప్రమాదం.

లోషన్‌కు ఈపులన్నీ చావవు. మిగిలినవి వారం పది రోజుల్లో పిల్లలవుతాయి. అవి పెరిగి మళ్లీ ఈపులు పెట్టకముందే, 9వ రోజున రెండో విడత వేయాలి. ఈలోగా రెండు మూడు రోజులకోసారి దువ్వండి. రెండో విడత తేదీని ఇప్పుడే క్యాలెండర్‌లో రాసి, ఆ రోజు డ్యూటీలో ఉండే ఆయాకు ముందే చెప్పండి.